వెర్సాయి త్రోవ

పారిసు మహానగరమునకు నైరృతి దిక్కున, సుమారు 20 కిలోమీటర్ల దూరమున, వెర్సాయి యను పట్టణము కలదు. మన పాఠ్యపుస్తకములలో 'వర్సెయిల్స్ సంధి' యని బాలబాలికలు వల్లించునది యీ యూరి పేరే. అచ్చటి రాజనగరును చూడబోవు యాత్రికులు సాధారణముగ పారిసులో రైలెక్కి ముప్పావు గంటలో దిగుదురు. నేను మాత్రము చుట్టుత్రోవను పోయితిని. భూగర్భ రైలులో పడమటి కొసనున్న సేవ్ర్ వంతెనవఱకు పోయి, అచ్చట సేన్ నదిని దాటిపోవు బస్సు నెక్కితిని. హాయిగ రైలుండగా ఈ తిప్పలేల యని తోడివారు విసుగుకొనిరి. ఆ రైలు రాకమున్ను, 1789వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీని, ఆఱేడువేలమంది స్త్రీలు వానలో తడియుచు నడచిపోయిన త్రోవ యిదియే గనుక, దీనిని కన్నులార చూడవలెనని నా కోరిక.

బాస్టిలు కోట పడిన జూలై 14వ తేదీని ఫ్రెంచివారు నేటికిని జాతీయోత్సవముగ జరుపుకొందురు. ఆ కథ మన పిల్లలకును తెలియును. కాని బాస్టిలు పడిన పిమ్మట గూడ 16వ లూయీ రాజు తన నగరులో తాను సుఖముగనే యుండెను. వేటకు పోవుచునే యుండెను. జాతీయసభవారు చేసిన శాసనములకు ఒడంబడిక తెలుపక నాన్చుచునే యుండెను. ఆ రాజును నగరునుండి కదలించి ప్రజలనడుమకు తెచ్చినవారు చేపలమ్ముకొను స్త్రీలు, కూరగాయలమ్ముకొను స్త్రీలు, కుట్టుపని చేసికొను స్త్రీలు. చరిత్రగ్రంథములలో వీరికి రెండు మూడు పంక్తుల చోటు దొరకుట యరుదు. నాకు జూడ, రాజరికము నిజముగ వెన్ను విఱిగినది వారు నడచిన యా దినముననే.

మనకు అన్న మెట్టిదో వారికి రొట్టె యట్టిది. కూర యున్నను లేకున్నను రొట్టె యుండవలెను. పారిసులోని కష్టజీవుల యిండ్లకు నాలుగు పౌన్ల రొట్టె తూకమున కొలతగ నుండెడిది. మామూలు దినములలో దాని వెల 8 లేక 9 సూలు. సూ అనునది వారి చిల్లర నాణెము. 1788 జూలై 13వ తేదీని వడగండ్లవాన పడి పారిసు చుట్టునున్న పైరులు నేలమట్టమయ్యెను. ఆ వెనుక వచ్చిన చలికాలము మఱింత క్రూరమైనది. నదులు గడ్డకట్టి నీటిమరలు నిలిచిపోయెను. 1789 ప్రారంభమునాటికి ఆ రొట్టె వెల 14న్నర సూలయ్యెను. దినమంతయు ఒడలు వంచి పనిచేసిన కూలివానికి 20 మొదలు 30 సూలవఱకు వచ్చెడిది. స్త్రీకి అందులో సగమే. అనగా కూలివాని రాబడిలో సగమో అంతకు మించియో ఒక్క రొట్టెకే పోయెడిదన్నమాట. ఇంటి యద్దె, కట్టెలు, దీపము, బిడ్డల బట్టలు మిగిలినదానిలో గడుపుకొనవలెను. ఆ యేటి వేసవిలో పంట బాగుగనే చేతికి వచ్చినది. కాని వర్షములు లేక వాగులలో నీరు తగ్గి మరలు తిరుగలేదు. గింజ గాదెలో నున్నది. పిండి బజారులో లేదు.

ఇంటిలో గింజలు నిండుకొన్న సంగతి మొట్టమొదట ఎవరికి తెలియునో సోదరీమణులకు నేను చెప్పనక్కఱలేదు. మగవానికి విస్తరిముందు కూర్చున్నపుడు తెలియును. ఇల్లాలికి ముందటి రాత్రియే తెలియును. తెల్లవాఱుజామున రొట్టెల దుకాణములముందు బారులు తీరి నిలిచినవారు స్త్రీలే. నిలిచి నిలిచి, తమవంతు వచ్చుసరికి తలుపులు మూసికొనగా వట్టిచేతులతో ఇంటికి మఱలినవారును వారే.

ఇట్లుండగా వెర్సాయి నగరులోని నాటకశాలలో అక్టోబరు 1వ తేదీని క్రొత్తగ వచ్చిన సేనాధికారులకు గొప్ప విందు జరిగినది. అచ్చట త్రాగిన మైకమున కొందఱు ప్రజాపక్షపు మూడురంగుల చిహ్నమును కాళ్లక్రింద త్రొక్కిరని రెండు దినములకు పారిసులో గుప్పుమన్నది. త్రొక్కుట నిజమో, వదంతియో, నేటికిని వాదమున్నది. విందు మాత్రము నిజము. ఆకలిగొన్న యూరికి ఆ యొక్క నిజమే చాలును.

అక్టోబరు 5 సోమవారము. ప్రాతఃకాలమున బజారులో ఒక పడుచు డోలు చేతబట్టి వాయించుచు బయలుదేఱినది. కేంద్రపు అంగళ్లనుండి కొందఱు, తూర్పుపేటల నుండి కొందఱు వచ్చి చేరిరి. చర్చి గంటలు మ్రోగించిరి. త్రోవలో కనబడిన స్త్రీలనెల్ల తమతో రమ్మని పట్టుపట్టిరి; రానన్నవారిని లాగికొని పోయిరి. అందఱును పురమందిరములో చొరబడి బల్లెములు, తుపాకులు, ఫిరంగులుకూడ బయటికి తెచ్చిరి. బాస్టిలు ముట్టడిలో పేరుపొందిన మయార్ అను నతడు వారికి ముందు నడచుటకు ఒప్పుకొనెను. మందిరమునకు నిప్పుపెట్టబోయిన కొందఱిని అతడే ఆపినాడు. "రొట్టె!" యను మాట తప్ప వారికి వేఱు నినాదము లేదు.

సేవ్ర్ దాటినది మొదలు త్రోవ మిట్టపల్లములుగ నున్నది. షావీలు, విరోఫ్లే యను గ్రామములమీదుగ బస్సు పోవుచుండగా ఇరుప్రక్కల చెట్లు, మిద్దెయిండ్లు, కొండవాలున తోటలు కనబడినవి. నేడు సేవ్ర్ పింగాణిపాత్రలకు ప్రసిద్ధి. నాడు ఆ స్త్రీలు వచ్చుచున్నారని విని ఆ యూరి దుకాణదారులు తలుపులు బిగించుకొనిరి. వేలమందికి కొలదిపాటి రొట్టె మాత్రమే దొరకినది. బస్సునకు అర్ధగంట పట్టిన దూరము. పారిసు నడిబొడ్డునుండి వారికి సుమారు ఆఱుగంటలు పట్టినది. పైన వాన, క్రింద బురద, భుజములమీద తడిసిన ఉన్నిబట్టలు. ఫిరంగులను త్రాళ్లతో లాగుచు పోయిరి. విరోఫ్లే దాటగనే త్రోవ రాజవీధియై వెడల్పగును. దూరమున నగరు కనబడును. ఆ వీధి కట్టించినది కాలినడకను వచ్చువారికొఱకు కాదు, ఆఱు గుఱ్ఱముల బండ్లకొఱకు.

స్త్రీలు సాయంకాలమునకు వెర్సాయి చేరి, మొదట జాతీయసభ కూర్చున్న శాలలోనికి పోయిరి. అచ్చట జరిగినదానిని చివర జెప్పెదను. ఏలయన ఆ స్థలమును నేను మఱలి వచ్చునపుడుగాని చూడలేదు. రాజు ఆ మధ్యాహ్నము మూడన్ అడవిలో వేటయందుండెను. రాణి తన త్రియనోను తోటలో నుండెను. ఇరువురకును వార్తపోయి, పరుగున నగరు చేరిరి. రాజు సభాధ్యక్షునితోకూడ కొలదిమంది స్త్రీలను లోనికి రానిచ్చెను. వారి తరఫున మాటాడవలసినది లూయిసాన్ షాబ్రీ యను 17 ఏండ్ల పిల్ల. రాజు ఎదుట నిలిచి, రొట్టెమాట చెప్పబోయి, అలసటచేతనో, ఆకలిచేతనో, భయముచేతనో సొమ్మసిల్లి పడినది. రాజు స్వభావముచేత క్రూరుడు కాడు. ఆమెకు సేదదీర్పించి, ధాన్యము పంపింతునని మాట యిచ్చెను. పిల్ల సంతోషముతో బయటికి వచ్చి చెప్పగా, వెలుపలనున్నవారు నమ్మలేదు. లంచము పుచ్చుకొన్నావని మీదబడిరి. నోటిమాట చాలదు, వ్రాతమూలకముగ తెమ్మని మఱల లోనికి పంపిరి. బజారులో బేరమాడి బ్రదుకువారికి మాటకును చీటికిని గల భేదము చక్కగ తెలియును.

ఇక రాత్రి కథ చెప్పుటకు ముందు ఆ నగరు ఎట్టిదో కొంత చెప్పవలెను.

13వ లూయీ 1623లో వేటకొఱకు కట్టించిన చిన్న విడిది యిది. ఆయన కుమారుడు 14వ లూయీ దానిని పెంచి పెంచి, 1682లో రాజ్యపాలనమంతయు పారిసునుండి ఇచ్చటికి మార్చెను. లోపల అన్నిటికంటె ప్రసిద్ధమైనది అద్దాలశాల. 73 మీటర్ల పొడవు. ఒకప్రక్క తోటవైపునకు 17 కిటికీలు. వానికెదురుగ 17 తోరణములలో 357 అద్దములు. ఆ దినములలో పెద్ద అద్దములు చేయు విద్య వెనీసువారి గుత్తసొమ్ము. ఫ్రెంచి మంత్రి కోల్బేరు వెనీసు పనివారిని కొందఱిని రప్పించి, తన దేశములోనే అద్దముల కర్మాగారమును పెట్టించెను. కావున ఈ శాల అందముకొఱకు మాత్రమే గాక, చూడుడు, మేమును చేయగలమని చాటుటకును కట్టబడినది. పైకప్పునిండ రాజుగారి విజయముల చిత్తరువులు. మెడ నొప్పిపుట్టువఱకు చూచితిని; యుద్ధములు, గుఱ్ఱములు, మేఘములు, మఱల యుద్ధములు.

తోటలోని జలయంత్రములకు నీరు చాలెడిది కాదు. సేన్ నదినుండి నీరెత్తుటకు 14 పెద్ద చక్రముల యంత్రమును మార్లీకడ నిర్మించిరి. అప్పటికిని అన్నియు నొక్కసారి చిమ్ముటకు నీరు లేదు. రాజు షికారు పోవుచుండగా పనివారు ముందుగ ఈలలు వేసికొని, ఆయన దగ్గఱకు వచ్చునపుడు త్రిప్పి, దాటగనే కట్టివేసెడివారట. పెండ్లివారి యెదుట అరువు నగలు పెట్టుకొన్న చందమున నున్నది.

నన్ను ఎక్కువసేపు నిలిపినది రాణి పడకగది. గోడలకు పువ్వుల పట్టుబట్ట, బంగారుపూత కటకటాలు, వాని వెనుక ఈకల కుచ్చులతో మంచము. రాజవంశపు బిడ్డలు 19 మంది ఈ గదిలో పుట్టిరి. మన యిండ్లలో పురిటిగదిని మగవారు తొంగియైన చూడరు. ఇచ్చట రాణి నొప్పులు పడుచుండగా దొరలు, దొరసానులు గుంపులుగ వచ్చి నిలువవలెనని ఆచారము. బిడ్డ మాఱిపోలేదని సాక్ష్యమట! 1778 డిసెంబరులో మేరీ ఆంటోనెట్టు రాణికి తొలికాన్పయినపుడు జనము క్రిక్కిఱిసి, గాలి యాడక ఆమె స్పృహతప్పినదని, పిమ్మట కిటికీలు తెఱపించిరని, ఆమె కొలువులోని పరిచారిక కాంపాను దొరసాని తన జ్ఞాపకములలో వ్రాసినది. రాజ్యమునకు వారసుని గనుట తప్ప వేఱుపని లేని బ్రదుకు. సింహాసనము ప్రక్కనున్న యీ స్త్రీకిని, బల్లెము పట్టివచ్చిన ఆ స్త్రీకిని, తన యొడలు తనది గాకపోవుటలో కొంత పోలిక లేకపోలేదు.

రొట్టె లేకున్న తీపిరొట్టె తినరాదా యని ఈమె యన్నదని లోకమున వాడుక. ఇది యబద్ధము. అట్టి మాటను ఎవతెయో గొప్ప రాకుమారి యన్నదని రూసో తన స్వీయచరిత్రలో వ్రాసిననాటికి ఈమె వియన్నాలో ఆడుకొను చిన్నపిల్ల. అయినను ఆ మాట ఈమెకు అంటుకొనుటకు కారణము తోట చివర కనబడును. 1783 మొదలు ఈమె తన వినోదమునకై ఒక చిన్న పల్లెటూరిని కట్టించుకొన్నది: గడ్డికప్పుల యిండ్లు, చెఱువు, పాలశాల, ఒడ్డున నొక పిండిమర. ఆ మరకు చక్రమున్నది గాని తిరుగటిరాళ్లు లేవు. ఏనాడును గింజ విసరలేదు. పారిసులో పిండికి కటకట పడుచున్న యేట ఇచ్చట ఉత్తచక్రము బొమ్మవలె నిలిచియుండెను. నాకు ఆ అద్దములన్నిటికంటె ఈ మరయే బాగుగ జ్ఞాపకమున్నది.

మన దేశపువారు గూడ ఈ నగరు మెట్లెక్కిరి. టిప్పు సుల్తాను పంపిన మువ్వురు రాయబారులను 16వ లూయీ 1788 ఆగస్టు 10వ తేదీని ఇచ్చటి హెర్క్యులీసు మందిరమున నిండుకొలువులో దర్శించెను. ఆంగ్లేయులపై సైన్యసహాయము కోరుటకు వారు సముద్రములు దాటి వచ్చిరి. మర్యాదలకు లోపము లేదు. పింగాణి కానుకలు దొరికినవి. కొందఱు పనివారు వెంట వెళ్లిరి. సైన్యము మాత్రము దొరకలేదు. దొరకుట యెట్లు? ఆ కొలువు జరిగిన 6 దినములకే ఫ్రెంచి ఖజానా చెల్లింపులను నిలిపివేసినది. అమెరికా స్వాతంత్ర్యయుద్ధములో ఆంగ్లేయులపై పోరి పొక్కసమును ఖాళీ చేసికొన్న రాజు, ఆ యప్పులు తీర్చుదారి వెదకుటకే వచ్చు సంవత్సరము ప్రతినిధులసభను పిలుచుచున్నానని అంతకు 2 దినములముందే చాటియుండెను. ఆ అద్దాల వెలుగును చూచి కన్నులు చెదరిన మన రాయబారులకు లోపలి డొల్లతనము ఎంతవఱకు తెలిసెనో!

ఇప్పుడు అక్టోబరు 5 రాత్రికి వత్తము. నడిరేయి కావచ్చుచుండగా లఫాయెట్టు సేనాని పారిసు జాతీయరక్షకదళమును వెంటబెట్టుకొని వచ్చెను. ఆ దళము స్త్రీలవెనుక పోవలెనని తానే పట్టుపట్టి ఆయనను బయలుదేఱదీసినదని చెప్పుదురు. అంతయు సద్దుమణిగినదని తలచి సేనాని నిద్రపోయెను. తెల్లవాఱుజామున సుమారు ఆఱుగంటలకు గుంపులోని కొందఱు కావలిలేని యొక ద్వారమును కనిపెట్టి లోపలికి చొచ్చి మెట్లెక్కిరి. వారిలో మగవారును గలరు. రాణి వాకిటనున్న కావలివాడొకడు రాణిని కాపాడుడని లోనికి కేకవేసి, దెబ్బలు తిని కూలెను. కావలివారిద్దఱు చంపబడిరి; వారి తలలను బల్లెములకు గ్రుచ్చిరి. ఈ దారుణమును కప్పిపుచ్చుట నాకు సమ్మతము గాదు. ఆకలి కారణమును చెప్పునుగాని తలను మఱల మొండెమున కతికింపలేదు.

రాణి మంచమునకు ఎడమప్రక్క గోడబట్టలో కలిసిపోయిన చిన్న తలుపు నేడును చూపుదురు. పైబట్ట సరిగ చుట్టుకొనకయే ఆమె ఆ తలుపుగుండ రాజు గదులవైపు పరుగెత్తినది. చివరి తలుపు లోపల గడియవేసి యుండగా, కొన్ని నిమిషములు దానిని బాదుచు నిలిచినదట. తలుపు సన్నము, ప్రక్కనే నిలుచుండి నేను దానిని చూచుచుండగా ఒక బాలిక, "ఇది అలమారా?" యని తల్లి నడుగుచుండెను.

కొంతసేపటికి, పాలరాతిముంగిలి యని పిలువబడు లోపలి వాకిటిలో నిండియున్న జనము రాణిని చూపుమనిరి. ఆమె పిల్లలిద్దఱిని చేతబట్టుకొని మేడవసారాలోనికి వచ్చినది. "పిల్లలు వద్దు!" అని క్రిందినుండి కేకలు. పిల్లలను లోనికి పంపి ఆమె ఒంటరిగ నిలిచినది. తుపాకులు గుఱిపెట్టియున్నవి. ఎవరును కాల్చలేదు. లఫాయెట్టు వంగి ఆమె చేతిని ముద్దిడగా, క్రిందివారు జయధ్వనులు చేసిరి. పిమ్మట మఱియొక కేక పుట్టినది: "పారిసునకు!"

మధ్యాహ్నము ఒంటిగంటకు ఊరేగింపు కదలినది. రాజు, రాణి, నాలుగేండ్ల యువరాజు, అతని యక్క ఒక బండిలో. ముందును వెనుకను వేలాది జనము. నగరు కొట్లలోని పిండిబస్తాల బండ్లు వెంట. రొట్టెలు కాల్చువానిని, వాని పెండ్లామును, వాని కుఱ్ఱవానిని తీసికొని వచ్చుచున్నామని స్త్రీలు పరిహాసమాడిరి. చీకటిపడిన తరువాత పారిసు చేరి, చిరకాలము పాడుబడియున్న ట్యూలరీ మేడలో రాజకుటుంబమును దింపిరి. తరువాత కొన్నిదినములకు జాతీయసభయు పారిసునకే తరలినది. ఆనాడు వెర్సాయి విడిచిన రాజు మఱల ఆ గడప త్రొక్కలేదు. ఆయన వెనుక మఱి యే రాజును అచ్చట కాపుర ముండలేదు.

రాజు వచ్చినంతమాత్రమున రొట్టె వచ్చినదా? రెండు వారములు గడిచెనో లేదో, అక్టోబరు 21వ తేదీని, రొట్టెలు దాచినాడను అనుమానముతో పారిసులో ఒక దుకాణదారుని జనము చంపిరి. ఆ దినముననే గుంపులను అణచుటకు సైనికశాసనమును చేసిరి.

స్త్రీలకు వచ్చిన ఫలితము ఇంకను తక్కువ. 1789 ఆగస్టు 26వ తేదీని సభవారు అంగీకరించిన మానవహక్కుల ప్రకటనములో 'మానవుడు' అనగా పురుషుడే యని త్వరలోనే తేలినది. ఓలింప్ ద గూజ్ అను రచయిత్రి 1791లో దానికి జోడుగ స్త్రీల హక్కుల ప్రకటనమును వ్రాసి రాణికే అంకితము చేసినది. 1793 అక్టోబరు 16వ తేదీని మేరీ ఆంటోనెట్టును గిలటిను యంత్రమున చంపిరి. అక్టోబరు 30వ తేదీని స్త్రీల సంఘముల నన్నిటిని నిషేధించిరి. నవంబరు 3వ తేదీని ఓలింపునుగూడ అదే యంత్రమునకు బలి యిచ్చిరి. 1804 నాటి నెపోలియను ధర్మశాస్త్రము భార్య భర్తకు విధేయురాలై యుండవలెనని శాసించినది. భర్త సెలవు లేక తనపేర బ్యాంకిలో లెక్క తెఱచుకొను స్వాతంత్ర్యము ఫ్రెంచి యిల్లాలికి 1965లోగాని రాలేదు. ఓటుహక్కు 1944లో వచ్చి, 1945 ఏప్రిల్ 29వ తేదీని ఆమె మొదటిసారి ఓటు వేసినది. మన చెన్నరాజధానిలో స్త్రీలకు, ఆస్తి నియమములతో నైనను, 1921లోనే ఓటు దొరికినది. విప్లవముల పుట్టినిల్లని పేరొందిన దేశమున ఇంత యాలస్యమేల యని నేనొక వృద్ధురాలిని అడుగగా, ఆమె నవ్వి, "మా మగవారు ప్రకటనములు వ్రాయుటలో తీరిక లేకుండిరి" అన్నది.

దిక్కులేని ఆ నగరులోని సామగ్రిని 1793–94లో వేలము వేసిరి. 17 వేలకు పైబడిన వంతులుగ కుర్చీలు, మంచములు, తెరలు అమ్ముడుపోయినవి. 1837లో దానిని చరిత్ర ప్రదర్శనశాలగ మార్చిరి. రాజు లేని నగరు, గొప్పవారందఱికిని నాటకరంగమైనది. 1871 జనవరి 18వ తేదీని, పారిసును ముట్టడించియున్న జర్మనులు ఈ అద్దాలశాలలోనే తమ రాజు విల్‌హెల్మును చక్రవర్తిగ ప్రకటించిరి. ఆ యవమానమును ఫ్రెంచివారు మఱవలేదు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట, 1919 జూన్ 28వ తేదీని, ఓడిన జర్మనుల ప్రతినిధులిద్దఱిని అదే శాలకు రప్పించి సంధిపత్రముపై చేవ్రాలు చేయించిరి. యుద్ధమునకు హేతువైన సారయేవో హత్య జరిగి ఆ దినమునకు సరిగ 5 ఏండ్లు. నష్టమునకెల్ల జర్మనీయే బాధ్యురాలను నిబంధన అందు చేర్చిరి. ఆ సంధివలన రగిలిన కోపమును హిట్లరు ఎట్లు వాడుకొనెనో అందఱు నెఱుగుదురు.

ఆ పత్రముపై హిందూదేశము తరఫున మాంటేగు దొరయు, బికనీరు మహారాజు గంగాసింగును సంతకము చేసిరి. జలియన్‌వాలాబాగులో కాల్పులు జరిగి అప్పటికి రెండున్నర నెలలు. స్వదేశమున నోరెత్తుటకు వీలులేని దేశము ప్రపంచశాంతికి సాక్షిసంతకము పెట్టినది! చీనావారు, తమ షాంటుంగు సీమను జపానుకు కట్టబెట్టుటకు కోపించి, సంతకము చేయకపోయిరి. స్త్రీలలో ఒక్కరైనను ఆ బల్లదగ్గఱ లేరు. వారు అప్పటికే, మే నెలలో, జూరిచ్చి పట్టణమున జేను ఆడమ్సు అధ్యక్షతను సభచేసి, ఈ షరతులు మఱియొక యుద్ధమునకు విత్తనములని ఖండించియుండిరి. ఎవరును చెవిని బెట్టలేదు. నానాజాతిసమితిలోని పదవులు స్త్రీపురుషులకు సమానముగ లభింపవలెనను 7వ నిబంధనమొక్కటి మాత్రము వారి ప్రయత్నమునకు దక్కినది. ఆ యేటి వేసవిలోనే హైదరాబాదున జన్మించిన సరోజినీదేవి లండనులో పార్లమెంటు సంఘము ఎదుట నిలిచి భారతస్త్రీలకు ఓటు కావలెనని వాదించుచుండెను.

అద్దాలశాలలో ఇప్పుడు నిలుచుటకే చోటు దొరకదు. అందఱును అద్దములలో తమ ప్రతిబింబములకు ఫోటోలు తీసికొనుచున్నారు. నేను మెల్లగ బయటపడి పారిసు వీధివెంట నడచి, 22వ నంబరుగల మెన్యూ-ప్లెజీరు భవనమునకు వచ్చితిని. రాజుగారి నాటకములకు, ఉత్సవములకు సామగ్రి చేయించు కార్యాలయమిది. 1789 మే 5వ తేదీని దేశప్రతినిధులసభ ఆరంభమైనది దీని పెరటిలోని శాలయందే. జమీందారుల హక్కులను ఆగస్టు 4 రాత్రి రద్దు చేసినదియు ఇచ్చటనే. ఆ శాల నేడు లేదు, ఎన్నడో పడగొట్టిరి. మిగిలిన భవనములో ప్రాచీన సంగీతవిద్యాలయ మున్నది. చూచుటకు వచ్చువారు మిక్కిలి తక్కువ. టిక్కెట్టు గూడ లేదు.

అక్టోబరు 5 సాయంకాలము స్త్రీలు మొదట ప్రవేశించినది ఈ పెరటిలోనికే. తడిబట్టలు పిండుకొనుచు ప్రతినిధుల బల్లలమీద కూర్చుండిరి. ధాన్యమునుగూర్చి చర్చింపుడని కేకలువేసిరి. అధ్యక్షుడు మూనియే, లూయిసానును మఱికొందఱిని వెంటబెట్టుకొని రాజుకడకు పోయి, గంటలతరబడి అచ్చటనే వేచియుండెను. ఆగస్టు శాసనములను, మానవహక్కుల ప్రకటనమును రాజు అంతవఱకు అంగీకరింపలేదు. ఆ రాత్రి, వాకిట స్త్రీలు నిలిచియుండగా, షరతులు లేక అంగీకరించెను. మూనియే ఆ కాగితము తీసికొని శాలకు తిరిగివచ్చునప్పటికి ఆయన కుర్చీలో ఒక బజారు స్త్రీ కూర్చుండి సభ నడుపుచున్నది. ఆమె లేచి చోటిచ్చినది. ఆయన రాజుగారి అంగీకారమును చదివి వినిపించెను. స్త్రీలు ఆయన చుట్టు మూగి, ఇది మంచిదే కదా యని అడిగిరి. మంచిదే యని ఆయన చెప్పెను. దీనివలన పారిసులోని పేదవారికి రొట్టె దొరకునా యని మఱల నడిగిరట. మూనియే అంతట ఊరిలోని రొట్టెల దుకాణములకు మనుష్యులను పంపి, దొరకినంత తెప్పించి, ఆ రాత్రి వారికి పంచిపెట్టించెను.